షీషానా, ఆక్రిలికా: చేపల తొట్టి దాస్తాన్

షీషా మంచిదా, ఆక్రిలిక్ మంచిదా? కొత్త ఇల్లు కట్టుకుని దీవాన్‌ఖానాలో ఆరడుగుల చేపల తొట్టి పెట్టుకోవాలని షౌక్ పడే ప్రతి ఇంట్లోనూ ఈ సవాల్ వస్తుంది. దుకాణంలో అడిగితే అతని దగ్గర ఏది ఉంటే అదే మంచిదంటాడు. చుట్టాలను అడిగితే ఒకరు షీషా పగిలిపోతుందని భయపెడతారు, ఇంకొకరు ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా అని పెదవి విరుస్తారు.

మా ఖాందాన్‌లోనూ ఈ బహస్ నడిచింది. కర్నూలులో ఇల్లు కట్టిన మా దుల్హాభాయ్, మొదటి అంతస్తు హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి పెట్టాలని ఫైసలా చేసేశాడు. ఏ పలకతో చేయించాలన్నదే మిగిలింది. "ఎప్పుడూ ఏదో పాత కాలం పుస్తకం చదువుతుంటావు కదరా, దీనికో జవాబు చెప్పు" అని నా మీదకు తోశాడు.

ధరల కాగితం పక్కన పెట్టి, ముందు ఈ రెండూ మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చాయో చూశాను. చూసేకొద్దీ ఒక మాట తేటగా కనిపించింది. చేపల తొట్టి కథలో పలక కన్నా, రెండు పలకలు కలిసే జోడ్ పెద్ద సంగతి. జోడ్ మజ్బూత్ అయినప్పుడల్లా తొట్టి పెద్దదైంది. జోడ్ మీద గుమాన్ వచ్చినప్పుడల్లా మనిషి వెనక్కి తగ్గాడు. మరి మనం మాత్రం పలక పేరు అడుగుతాం, జోడ్ సంగతి అడగం.

హౌజ్‌లో పైనుంచి, పెట్టెలో పక్కనుంచి

చేపలను చూసే షౌక్ మన పెద్దలకు కొత్తది కాదు. పాత మసీదుల హౌజ్‌లలో వుజూ చేసుకుంటుంటే నీళ్ళలో చేపలు తిరుగుతూ ఉండడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. అయితే ఆ చూపు పైనుంచి. చేప వీపు కనిపిస్తుంది, తోక ఊపు కనిపిస్తుంది, అంతే. నీళ్ళ బోఝా మోసేది రాతిగోడ. చూడడానికి పైనున్న ఖాళీ చాలు. ఆ గోడ కనిపించాల్సిన అవసరం లేదు, మోస్తే చాలు.

పక్కనుంచి చూడాలన్న కోరిక పుట్టినప్పుడే ముష్కిల్ మొదలైంది. అప్పుడు గోడే కిటికీ కావాలి. అంటే అద్దంలా తేటగా ఉండాలి, రాయిలా మోయాలి. ఈ రెండూ ఒకే వస్తువులో దొరకడానికి మనిషికి చాలా కాలం పట్టింది.

తేటదనం కథలో మన షామ్ దేశానికి, మిస్ర్‌కు వాటా ఉంది. ఆ దేశాల కారీగర్లు ఉప్పునేల మొక్కలను కాల్చిన బూడిదతో గాజు చేసేవాళ్ళు. తర్వాత వెనిస్ వ్యాపారులు ఆ బూడిదనే ఓడల్లో తెప్పించుకున్నారు. 1291లో వెనిస్ తన గాజు కొలిములను మురానో దీవికి తరలించింది. 15వ శతాబ్దంలో అక్కడి ఉస్తాద్‌లు స్ఫటికంలాంటి తేట గాజు తీశారు, దాన్ని క్రిస్టల్లో అన్నారు. దానికి వాడిన దినుసు తూర్పు నుంచి వెళ్ళిన ఆ మొక్కల బూడిదే. కాకపోతే ఆ గాజు గిన్నెలకు, గ్లాసులకే సరిపోయింది. చేతి వెడల్పు పలక కూడా చాలా ఖరీదు.

మెస్సీనాలో ఒక దర్జీ

గాజు పెట్టెలో బతికున్న సముద్ర జీవాలను పెట్టి ఇల్మ్ కోసం చూసిన తొలి మనిషిగా చెప్పుకునేది ఒక ఔరత్‌ను. పేరు ఝాన్ విల్‌ప్రూ పవర్. 1794లో ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో పుట్టింది. పారిస్‌కు వెళ్ళి బట్టలు కుట్టి, ఎంబ్రాయిడరీ చేసి బతికింది. ఒక రాజకుమారి షాదీ జోడాకు పని చేసి పేరు తెచ్చుకుంది. ఒక వ్యాపారిని పెళ్ళి చేసుకుని సిసిలీ దీవిలోని మెస్సీనాకు వెళ్ళింది. అక్కడ సముద్రం ఒడ్డున తనంతట తానే చదువుకుంది.

ఆర్గొనాట్ అని ఆక్టోపస్ జాతి జీవం ఒకటుంది. పల్చని కాగితంలాంటి గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, ఇంకో జీవం వదిలేసిన ఇంట్లో దూరిందా అని పండితుల మధ్య పెద్ద బహస్. చచ్చిన జీవాన్ని కోసి చూస్తే తేలే సవాల్ కాదిది. 1832లో ఆమె గాజు తొట్టి చేయించుకుని, అందులో వాటిని పెంచి, రోజూ చూసి, గుల్లను అదే తయారు చేసుకుంటుందని, విరిగితే అదే మరమ్మత్తు చేసుకుంటుందని సాబిత్ చేసింది. పక్కనుంచి చూసే చూపు ఇచ్చిన మొదటి పెద్ద ఫాయిదా అదే. గాజు గోడ కేవలం హాలు అలంకారం కోసం పుట్టలేదు.

గాజు మీద పన్ను, పుట్టీ మీద భరోసా

తొట్టి ఇళ్ళలోకి వచ్చింది మాత్రం ఇంగ్లండులో. అక్కడ 18వ శతాబ్దం నుంచి గాజు మీద పన్ను ఉండేది. అదీ వజన్‌ను బట్టి. అంటే పలక ఎంత మందంగా ఉంటే అంత పన్ను. నీళ్ళ తొట్టికి మందపాటి పలకే కావాలి కాబట్టి మామూలు ఇల్లు దాని జోలికి పోయే హాలత్ లేదు. 1845లో ఆ పన్ను ఎత్తేశారు. 1851లో లండన్‌లో మూడు లక్షల దాకా పలకలతో క్రిస్టల్ ప్యాలెస్ నిలబడింది. గాజు అమీర్ల వస్తువు నుంచి మామూలు వస్తువుగా మారిన కాలం అది.

అదే రోజుల్లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తజుర్బా చేశాడు. నీళ్ళలో రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక నీటి మొక్క పెట్టాడు. కుళ్ళిన ఆకులు నీళ్ళను ఖరాబ్ చేస్తుంటే వాటిని తినే నత్తలను కూడా వేశాడు. చేప, మొక్క, నత్త ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతకడం చూసి 1850లో రాసి ప్రచురించాడు. 1853లో లండన్ జూలో జనం టికెట్ కొని చూసే మొదటి చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకం 'ది అక్వేరియం' వచ్చింది. ఆ పేరు జనం నోట్లో పడింది. కొన్నేళ్ళపాటు ఇంగ్లండు మధ్యతరగతి ఇళ్ళలో తొట్టి లేకపోతే ఇజ్జత్ లేనట్టు అయిపోయింది.

ఆ తొట్లు ఎట్లా ఉండేవంటే, పోత ఇనుము చట్రం, కింద పలకరాయి, చుట్టూ గాజు, మధ్యలో పుట్టీ. అవిసె నూనెలో సుద్దపొడి కలిపిన పుట్టీ, కొన్నిసార్లు సీసం సిందూరం కూడా కలిపేవాళ్ళు. ఇక్కడే అసలు తకలీఫ్. ఉప్పునీళ్ళు ఇనుమును తింటాయి. సీసం చేపకు విషం. పుట్టీ తడిగా ఉన్నన్నాళ్ళు పట్టుకుంటుంది. తొట్టి ఖాళీ చేసి ఎండబెట్టారో, ఒక గది నుంచి ఇంకో గదికి జరిపారో, పుట్టీ బీటలు వారి నీళ్ళు కారేవి. గాజు బాగానే ఉండేది, జోడ్ ఖరాబ్ అయ్యేది. దాదాపు వందేళ్ళు తొట్టి షౌకీన్‌లు ఈ పుట్టీతోనే సర్దుకున్నారు.

రెండు కనుగొనడాలు ఈ హాలత్‌ను మార్చాయి. మొదటిది 1959లో బయటికి చెప్పిన ఫ్లోట్ గాజు. ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్టన్, కరిగిన తగరం మీద కరిగిన గాజును పారించాడు. నూనె నీళ్ళ మీద పరుచుకున్నట్టు గాజు తగరం మీద పరుచుకుని, రెండు వైపులా తనంతట తానే సాఫ్‌గా, సమంగా గట్టిపడింది. అంతకుముందు తేటైన మందపాటి పలక కావాలంటే రెండు వైపులా అరగదీసి మెరుగు పెట్టాల్సి వచ్చేది. రెండోది సిలికాన్. 1960ల నుంచి గాజును గాజుకు నేరుగా అతికించే సిలికాన్ తొట్లలోకి వచ్చింది. అది గాజును గట్టిగా పట్టుకుంటుంది, రబ్బరులా కాస్త సాగుతుంది, నీళ్ళలో కరగదు, చేపకు విషం కాదు. ఇనుప చట్రం రుఖ్సత్ అయింది. ఈ రోజు మన ఊళ్ళలో అద్దాల దుకాణం అతను ఐదు పలకలు తెచ్చి, సిలికాన్ తుపాకీతో ఒక పూటలో తొట్టి నిలబెడుతున్నాడంటే ఆ రెండు పనుల బర్కత్ అది.

సీసా పగిలి పుట్టిన వస్తువు

ఇక ఆక్రిలిక్. జర్మనీలో ఒట్టో రోమ్ అనే ఆయన 1901లోనే ఈ జాతి పదార్థాల మీద తన పరిశోధన రాశాడు. తర్వాత ఆయన కంపెనీలో దీని మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. ఒక సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టిన ద్రవం వెలుగు తగిలి గట్టిపడిందని, సీసా పగిలిపోయి లోపల గాజులాంటి తేట ముద్ద మిగిలిందని ఒక కిస్సా చెబుతారు. 1933లో అది ప్లెక్సిగ్లాస్ అన్న పేరుతో నమోదైంది. మరుసటి ఏడాది ఇంగ్లండులో అదే జాతి వస్తువుకు పెర్‌స్పెక్స్ అని పేరు పెట్టారు.

రెండో ప్రపంచ జంగ్ వచ్చింది. విమానం పైలట్ తల మీద వంపు తిరిగిన తేట కప్పు కావాలి. గాజు బరువు, పైగా వంచడం కష్టం. ఆక్రిలిక్‌ను వేడి చేస్తే వంగుతుంది, చల్లారితే అట్లాగే ఉంటుంది. స్పిట్‌ఫైర్ విమానాల కప్పు దీనితోనే చేశారు.

ఆ జంగ్‌లో పగిలిన కప్పుల తునకలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. లండన్ కంటి డాక్టర్ హారల్డ్ రిడ్లీ వాళ్ళను చూస్తూ ఒకటి గమనించాడు. ఆ తునకలు కంట్లోనే ఉండిపోయినా కన్ను వాటిని పరాయిగా చూసి వాచిపోవడం లేదు. ఆ గమనికతోనే 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో, మోతియాబింద్ తీసిన కంట్లో ఆక్రిలిక్ లెన్సు పెట్టాడు. దునియాలో అదే మొదటిది. మన నానీమాలకు, దాదాలకు శుక్లాల ఆపరేషన్ చేసి లోపల పెడుతున్న లెన్సులు ఆ ఖాందాన్ నుంచి వచ్చినవే. మా అమ్మీకి రెండు కళ్ళలోనూ ఉన్నాయి. కాబట్టి "ప్లాస్టిక్కే కదా" అని చులకన చేసేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఈ ప్లాస్టిక్ ఇన్సాన్ కంట్లో కూర్చుని రోషనీ ఇస్తోంది.

ఈ నజర్ కథకు పునాది వేసినవాళ్ళలో మన ఇబ్న్ అల్ హైథమ్ ఒకరు. బస్రాలో పుట్టి, ఖాహిరాలో ఉండి, వెయ్యేళ్ళ కింద 'కితాబ్ అల్ మనాజిర్' రాశారు. నీళ్ళలోంచి, గాజులోంచి వచ్చే వెలుగు ఎందుకు వంగుతుందో అందులో చర్చించారు. తొట్టిలో చేప అసలున్నదానికన్నా దగ్గరగా కనిపించడం ఆ వంపు వల్లే. వెలుగును వంచే గుణాన్ని అంకెలో చెప్తే నీళ్ళది 1.33, ఆక్రిలిక్‌ది 1.49, గాజుది 1.52. ఆక్రిలిక్ నీళ్ళకు కాస్త దగ్గర. చిన్న తొట్టిలో ఈ ఫరక్ కంటికి తెలియదు. తెలిసే ఫరక్ రంగులో. మామూలు గాజులో ఇనుము పాలు ఉంటుంది కాబట్టి మందం పెరిగేకొద్దీ పచ్చదనం వస్తుంది. ఆక్రిలిక్‌లో అది రాదు. గాజే కావాలి, పచ్చదనం వద్దు అనుకునేవాళ్ళకు ఇనుము తగ్గించిన ఎక్స్‌ట్రా క్లియర్ గాజు దొరుకుతుంది.

ఓకినావా, దుబాయ్, బెర్లిన్

ఆక్రిలిక్‌కు గాజు దగ్గర లేని ఒక హునర్ ఉంది. రెండు పలకల మధ్య అదే జాతి ద్రవం పోసి గట్టిపరిస్తే రెండూ కలిసి దాదాపు ఒకటే అయిపోతాయి. జోడ్ కంటికి కనిపించదు. ఈ హునర్‌తోనే మహా తొట్లు వచ్చాయి. జపాన్ ఓకినావాలో 2002లో తెరిచిన చురౌమి అక్వేరియం పెద్ద తొట్టికి పెట్టిన పలక 22.5 మీటర్ల వెడల్పు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం. 7,500 ఘనపు మీటర్ల నీళ్ళలో తిమింగలం సొర తిరుగుతుంటుంది.

మన ఇళ్ళ నుంచి ఖలీజ్‌కు వెళ్ళినవాళ్ళు, వాళ్ళను చూడడానికి వెళ్ళినవాళ్ళు దుబాయ్ మాల్ తొట్టి ముందు నిలబడి ఫోటో దిగకుండా రారు. 2008లో తెరిచిన ఆ తొట్టిలో కోటి లీటర్ల నీళ్ళున్నాయి. పలక 32.88 మీటర్ల వెడల్పు, 8.3 మీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల మందం. అంత పెద్ద దాంట్లోనూ 2010 ఫిబ్రవరిలో నీళ్ళు కారాయి. ఎక్కడ? జోడ్ దగ్గరే. సరిచేశారు, అది ఈనాటికీ నడుస్తోంది.

బెర్లిన్ కథ అంత సులువుగా ముగియలేదు. ఒక హోటల్ లోపల 2003 చివర్లో ఆక్వాడోమ్ అని 14 మీటర్ల ఎత్తు ఆక్రిలిక్ స్తంభం లాంటి తొట్టి తెరిచారు. పది లక్షల లీటర్ల నీళ్ళు, దాదాపు 1,500 చేపలు, మధ్యలోంచి లిఫ్టు. ఖాళీ చేసి, మరమ్మత్తు చేసి, మళ్ళీ నింపి కొద్ది నెలలైంది. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున ఒక్కసారిగా పేలిపోయింది. నీళ్ళు వీధిలోకి తన్నుకొచ్చాయి. తొట్టిలోని చేపలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. తెల్లవారుజాము కాబట్టి ఇద్దరికి గాయాలతో పోయింది. పగటిపూట అయితే ఎందరి జాన్ పోయేదో. తర్వాత నిపుణులు తహ్కీక్ చేసి కూడా ఇదే కారణమని తేల్చలేకపోయారు. మూడు గుమానులు మిగిలాయి: అతికించిన జోడ్ ఊడిపోవడం, అడుగున పడిన చిన్న నొక్కు, మరమ్మత్తు కోసం ఖాళీగా ఉంచినప్పుడు ఆక్రిలిక్ ఎండిపోవడం.

ఈ మూడూ చూడండి. విక్టోరియా జమానా పుట్టీ తొట్టికీ, 21వ శతాబ్దం ఆక్రిలిక్ స్తంభానికీ నూట యాభై ఏళ్ళ ఫాసలా ఉంది. అయినా భయం మాత్రం అదే: జోడ్, అడుగు, ఎండబెట్టడం. ఇంట్లో తొట్టి పెట్టేవాళ్ళకు ఈ తారీఖ్ ఇచ్చే సబక్ ఇదే.

ఇంటి హిసాబ్

ఇప్పుడు దుల్హాభాయ్ తొట్టికి వద్దాం. 6 అడుగులు, 2 అడుగులు, 2 అడుగులు. అంటే 24 ఘనపు అడుగులు, దాదాపు 680 లీటర్లు. నీళ్ళే 680 కిలోలు. 12 మి.మీ. గాజుతో చేస్తే పలకల బరువు 120 కిలోల దాకా వస్తుంది. ఆక్రిలిక్ గాజులో సగం బరువే అని దుకాణంలో చెబుతారు. ఒకే మందంలో పోలిస్తే అది సచ్చే. కానీ ఆక్రిలిక్ గాజు కన్నా చాలా మెత్తన, నీళ్ళు తోస్తే ఉబ్బుతుంది. ఉబ్బకుండా ఉండాలంటే మందం పెంచాలి. 20 మి.మీ. వేస్తే అది కూడా 100 కిలోలకు దగ్గర పడుతుంది. మిగిలింది ఇరవై పాతిక కిలోలు. నీళ్ళు, ఇసుక, రాళ్ళు, స్టాండు కలిపి తొమ్మిది వందల కిలోలు దాటే చోట ఆ ఇరవై పాతిక కిలోలు స్లాబుకు లెక్కే కాదు. ఆక్రిలిక్ తీసుకుంటే స్లాబు మీద భారం తగ్గుతుందనుకోవడం ఖయాల్ మాత్రమే. ఏది పెట్టినా మేడ మీద అయితే ఇంజనీరుకు చూపించాల్సిందే. గోడ వారగా, దూలం మీదుగా వచ్చేట్టు పెట్టాల్సిందే. కింద ఇంకొకరి కాపురం ఉంటే అది వాళ్ళ హక్కు కూడా.

రెండో హిసాబ్ ఎత్తుది. నీళ్ళ ఒత్తిడి పొడవును బట్టి ఉండదు, లోతును బట్టి ఉంటుంది. రెండడుగుల లోతులో ఆ ఆరడుగుల ముందు పలకను నీళ్ళు దాదాపు 340 కిలోల బలంతో బయటికి తోస్తుంటాయి. రాత్రీ పగలూ, ఈద్ రోజూ మామూలు రోజూ. లోతు మూడడుగులు చేస్తే ఆ బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది, 760 కిలోలు దాటుతుంది. షౌక్ ఉంటే పొడవు పెంచుకోండి, వెడల్పు పెంచుకోండి. చేపకు కూడా ఈదడానికి అదే కావాలి. ఎత్తు మీద మోజు పడొద్దు.

మూడోది మెట్లు. ఆక్రిలిక్ తొట్టి కార్ఖానాలో తయారై పూర్తిగా పైకి రావాలి. దాని జోడ్ హునర్ ఉన్న చేతులే వేయాలి, మన ఊళ్ళలో అందరికీ రాదు. గాజు పలకలైతే ఒక్కొక్కటిగా మెట్లెక్కుతాయి. హాల్లోనే నిలబెట్టి అతికించవచ్చు. ఇక్కడ పుట్టీ జమానా నేర్పిన ఎహ్తియాత్ గుర్తుంచుకోవాలి. సిలికాన్ అక్వేరియంకు పనికొచ్చేదే కావాలి. బాత్రూం టైల్స్ మధ్య వేసేది, బూజు పట్టకుండా మందు కలిపింది పనికిరాదు, అది చేపకు జహర్. అంచులు స్పిరిట్‌తో సాఫ్‌గా తుడవాలి. అతికించాక కనీసం వారం రోజులు సబర్ చేయాలి. స్టాండు సమమట్టంగా ఉండాలి. గాజు అడుగు కింద థర్మాకోల్ షీటు పరచాలి, ఒక ఇసుక రవ్వ అడుగున ఉన్నా బోఝా అంతా ఒకే చోట పడుతుంది. టఫెన్డ్ గాజు అయితే తర్వాత చిల్లు పెట్టడానికి కుదరదు, పైపుల చోటు ముందే తేల్చుకోవాలి.

తోమేది ఎవరు?

నాలుగోది ఎవరూ అడగని సవాల్. ఈ తొట్టిని తోమేది ఎవరు? షౌక్ ఒకరిది, తోమడం ఇంకొకరి పని. మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు.

నాచు ప్రతి తొట్టికీ పడుతుంది. గాజు గట్టిది. మామూలు పీచుతో, పాత బ్లేడుతో కూడా గీరుకోవచ్చు, ఇసుక రవ్వ ఇరుక్కోకపోతే చాలు. ఆక్రిలిక్ మెత్తన. గిన్నెల పీచు తగిలినా, దుమ్ము పట్టిన దుపట్టాతో తుడిచినా గీతలు పడతాయి. ఆ గీతల్లో మళ్ళీ నాచు కూర్చుంటుంది. స్పిరిట్‌తో, అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తో తుడిస్తే వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు పుడతాయి. నీళ్ళ వైపు గుబ్బలు కొట్టే పెద్ద చేపలు, రాళ్ళు జరిపే చేపలు ఉంటే గీతలు ఇంకా ఎక్కువ. ఆక్రిలిక్ గీతలను మెరుగు పెట్టి పోగొట్టవచ్చు, గాజు గీత పోదు, ఇది కూడా నిజమే. కానీ ఆ మెరుగు పనికి ఓపిక, ఖర్చు రెండూ కావాలి.

దెబ్బ సంగతి వేరు. క్రికెట్ బంతి తగిలితే ఆక్రిలిక్ చాలా మటుకు తట్టుకుంటుంది, గాజు పగలవచ్చు. ఒక్క మాటలో చెప్పాలంటే ఆక్రిలిక్ దెబ్బను మాఫ్ చేస్తుంది, రుద్దుడును మాఫ్ చేయదు. గాజు రుద్దుడును మాఫ్ చేస్తుంది, దెబ్బను మాఫ్ చేయదు. మీ ఇంట్లో ఏది ఎక్కువో మీకే తెలియాలి.

ఈ సవాల్ మా ఆపాను అడిగాను. అప్పటిదాకా ఈ బహస్‌లో ఆపాను ఎవరూ అడగలేదు. "వారానికోసారి నేనే కదా తోమేది. గిన్నెలతో పాటు అదీ తోముతా. దాని నాజూకులు చూసుకుంటూ కూర్చునే ఫుర్సత్ నాకు లేదు తమ్ముడూ" అంది. దుల్హాభాయ్ ఏమీ మాట్లాడలేదు. నా దృష్టిలో ఫైసలా అక్కడే అయిపోయింది.

వాళ్ళ ఇంటికి నేను చెప్పింది: 12 మి.మీ. గాజు, పైన అడ్డపట్టీలు, హాల్లోనే అతికింపు, నీళ్ళు ఇరవై రెండు అంగుళాలకు మించకుండా. బంతి ఆట వరండాలోకి. వారం తర్వాత నీళ్ళు నింపి ఇంకో వారం చేప లేకుండా చూడడం. పదేళ్ళ తర్వాత జోడ్ దగ్గర సిలికాన్ ఊడుతున్నట్టు అనిపిస్తే గీరి మళ్ళీ వేసే కారీగర్ ఊళ్ళోనే దొరుకుతాడు. ఇది చిన్న సంగతి కాదు. మరమ్మత్తు చేసేవాడు దగ్గర లేని వస్తువు ఎంత ఖూబ్‌సూరత్ అయినా పరాయిదే.

ఇదే జవాబ్ అందరికీ వర్తించదు. వంపు తిరిగిన తొట్టి కావాలన్నా, మూడడుగుల లోతు తప్పదన్నా, చిన్నపిల్లలు పరుగెత్తే చోటే పెట్టాల్సి వచ్చినా, గోడలో అనేక చిల్లులు కావాలన్నా ఆక్రిలిక్ సరైనది. అప్పుడు కాస్ట్ షీటు అనే పోత పలకే అడగండి, యంత్రంలోంచి సాగదీసి తీసే చౌక రకం వద్దు. పైన చుట్టూ వెడల్పు పట్టీ ఉండాలి. అడుగంతా సమంగా ఆనాలి. తోమడానికి మెత్తని గుడ్డ వేరే పెట్టుకోవాలి, అది ఇంకో పనికి వాడొద్దు. నెలల తరబడి ఎండబెట్టొద్దు. ఇంటిల్లిపాదీ ఈ షర్తులకు ఒప్పుకుంటే ఆక్రిలిక్ పాతికేళ్ళు కూడా వఫా చేస్తుంది.

ఏది తీసుకున్నా దుకాణంలో మొదటి సవాల్ "షీషానా, ఆక్రిలికా" అని కాకుండా, "జోడ్ ఎవరు వేస్తారు? కారితే ఎవరొస్తారు?" అని ఉండాలి. ఇంట్లో మొదటి సవాల్ "తోమేది ఎవరు?" అని ఉండాలి. ఈ రెండింటికీ తేటగా జవాబ్ దొరికాకే చేపను తీసుకురండి. పలక పగిలితే మనకు పైసలు పోతాయి, చేపకు ఉన్న దునియా అంతా పోతుంది.